ఎల్డన్ ఇవ్వని ఛానెల్

ఎల్డన్ ప్రూయిట్ నోట్లో పొగాకు ముద్ద లేని పూట ఉండేదేమో గానీ, కోత లేని పూట ఉండేది కాదు. తన కంచరగాడిద నోట్లోని ఇనప కళ్ళెంలోంచి ఒకసారి నెవాడా పాస్టరు ప్రసంగం వినపడిందనీ, అప్పట్నించీ ఆ జంతువు ఆదివారం నాడు బరువు మోయడం మానేసిందనీ బైబిలు మీద చెయ్యేసి చెప్పేవాడు. వినేవాడు నవ్వకపోతే వాణ్ణి సాయంత్రం దాకా ఏడిపించేవాడు. నవ్వితే, వీడికి సరదా ఉందని తేల్చుకుని మర్నాడు కూడా ఏడిపించేవాడు.

ఐడహో కొండల్లో ఏటా ఎండాకాలం అడవి తగలబడుతుంది. తగలబడ్డ చోటల్లా మంటలార్పేవాళ్ళ క్యాంపు లేస్తుంది. ఆ క్యాంపుకి రేడియోలు పెట్టేది, ఎవరు ఎవరితో ఏ ఛానెల్లో మాట్లాడాలో చెప్పేది ఎల్డన్. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. మంట పాకకుండా అడవి మీద విమానాలు ఎర్రమందు పోస్తాయని అందరికీ తెలుసు. ఆ విమానాలు పొగలో ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఆపేది వట్టి మాటేనని అందరికీ తెలియదు. పొగలో పైలట్‌కి కళ్ళుండీ లేనట్టే, చెవులే కళ్ళు. అందుకని ప్రతి మంటకీ, దాని మీద తిరిగే విమానాలు తమలో తాము మాట్లాడుకోవడానికి ఒక ఛానెల్ విడిగా ఇస్తారు. ఛానెళ్ళు తక్కువ, ఎండాకాలం మంటలెక్కువ. రాజధానిలో ఒకాయన కూర్చుని, కరువునాడు గంజి పోసినట్టు వాటిని పంచుతుంటాడు.

మంట చల్లారగానే ఛానెల్ తిరిగి ఇచ్చెయ్యాలని రూలు. ఏ రేడియోవాడూ ఇవ్వడు. రేపు గాలి లేచి మంట మళ్ళీ రగిలితే ఎవణ్ణి అడుక్కోవాలి? అందుకని ప్రతివాడూ ఒకటి దాచుకుంటాడు. "బావి తవ్వినవాడు నీళ్ళిస్తాడు గానీ రేడియోవాడు ఛానెలివ్వడు" అని ఆ క్యాంపుల్లో ఓ సామెత కూడా ఉంది. ఎల్డన్ ఒకటి కాదు, రెండు దాచాడు.

ఆ ఆగస్టులో ఆయన క్యాంపు హార్లో ఊళ్ళో, ఎద్దుల మీద స్వారీ పందేలు జరిపే రోడియో మైదానంలో ఉంది. ఎద్దుల్ని వదిలే గేటు పక్కన గుడారం, గుడారంలో రేడియోలు, రేడియోల ముందు కాళ్ళు బారజాపుకుని ఎల్డన్. ఆయన మంట పేరు బ్యాడ్జర్ బెంచ్. పేరుకే మంట. కాలిన మొద్దులు అక్కడక్కడా చుట్ట పొగలా పొగ వదులుతున్నాయి, అంతే. వాటిమీద ఒకే ఒక్క చిన్న హెలికాప్టరు తిరుగుతోంది. అదన్నా పోసేది నీళ్ళు కాదు, మొద్దులు తవ్వేవాళ్ళకి మధ్యాహ్నం సాండ్‌విచ్‌లు మోస్తోంది. ఆ సాండ్‌విచ్‌ల విమానానికి రెండు ఛానెళ్ళు.

ఆ రెంటిలో ఒకటి మంచిది. చుట్టుపక్కల రాష్ట్రాల్లో దాన్ని ఇంకెవరూ వాడటం లేదు. రెండోది మైల పడ్డది. అదే ఛానెల్ని దక్షిణాన పక్క రాష్ట్రం నెవాడాలో కాలుతున్న ఇంకో పెద్ద మంటకి కూడా ఇచ్చారు. రోడియో మైదానంలో కూర్చుని వింటే మాత్రం రెండూ ఒకటే. ఈగ వాలిన చప్పుడు కూడా ఉండదు. మధ్యన కొండలున్నాయి మరి. కింద ఉన్నవాడికి కొండ గోడ. పైకెగిరినవాడికి గోడ లేదు. వాడికి ఇటు మనుషులూ వినపడతారు, నెవాడా మనుషులూ వినపడతారు, ఒకరి మాట మీద ఒకరి మాట పడి చివరికి ఎవరూ వినపడరు. మొదటి రోజే హెలికాప్టరు పైలట్ దిగొచ్చి, "ఎల్డన్, నా చెవుల్లో నెవాడా నిండిపోయింది, బకెట్టుంటే తీసుకురా, తోడుకుంటా" అన్నాడు. ఎల్డన్ వాణ్ణి మంచి ఛానెల్లోకి మార్చాడు. మైలది తిరిగి ఇవ్వకుండా పక్కన పెట్టుకున్నాడు.

పొద్దున్న పదింటప్పుడు ఆయన భార్య వెర్నా ఫోన్ చేసింది. వాళ్ళ ఇల్లు కొండకి అవతల, డ్రై ఫోర్క్ లోయలో. ఎల్డన్ తండ్రి కట్టిన ఇల్లు, రేకుల కప్పు, ముందు పశువుల చెరువు, వెనక దొడ్డి, దొడ్లో పదకొండు కంచరగాడిదలు. వేటకొచ్చేవాళ్ళ సామాను కొండల్లోకి మోయించడానికి పెంచేవి. అంతకుమించి వాళ్ళకి ఆస్తి లేదు.

"టిన్‌కప్ గుట్ట వైపు పొగ లేస్తోంది," అంది వెర్నా. "పొద్దున తెల్లగా ఉంది, ఇప్పుడు నల్లగా తిరిగింది. గాడిదల్ని ట్రెయిలర్ ఎక్కించి మా అన్న దగ్గరికి తోలుకుపోదామనుకుంటున్నా."

"మీ అన్న వంట చేస్తున్నాడేమో చూడవే, ఆ పొగ అయ్యుంటుంది."

"ఎకసెక్కాలొద్దు. వెళ్ళనా, వద్దా?"

నిరుడు పక్క లోయ హార్గిస్, మంట వస్తోందని సామానంతా లారీకెత్తుకుని పారిపోయాడు. మంట రాలేదు. ఎల్డన్ వాడి గేటుకి "ధైర్యవంతుడి నివాసం" అని బోర్డు రాసి తగిలించాడు. ఏడాదిగా ఆ బోర్డు కథ చెప్పి జిల్లా అంతా నవ్వించాడు. ఇప్పుడు తన పెళ్ళాం తన గాడిదల్ని తోలుకుని రోడ్డెక్కితే?

"గాలి పడమటి నించి కదా వీస్తోంది? మనవైపు రాదు. వచ్చినా ఈ జిల్లాలో విమానాలు ఎవరి మాట వింటాయే? ఈల వేస్తే చాలు, వరసలో వచ్చి మన ఇంటి చుట్టూ ఎర్రగా తివాచీ పరిచి పోతాయి. నువ్వు గాడిదల్ని దొడ్లో కట్టేసెయ్. వదిలేశావంటే పొగకి బెదిరి కంచెల మీద పడి కాళ్ళు విరగ్గొట్టుకుంటాయి."

"కట్టెయ్యమంటావు."

"కట్టేసి కాఫీ పెట్టుకో."

"సరే. నువ్వు చెప్పావనే ఉంటున్నా," అంది వెర్నా. ఆమె అలా అందంటే గోడకి మేకు కొట్టినట్టే. ఎల్డన్ ఫోన్ పెట్టేసి, తన కింద పనిచేసే డుయేన్ వైపు తిరిగి, "ఆడవాళ్ళకి పొగంటే భయం, పొయ్యంటే కాదు చూశావా" అన్నాడు. డుయేన్ నవ్వాడు. ఆ గుడారంలో ఉద్యోగం అంటే సగం అదే.

టిన్‌కప్ మంట దగ్గర రేడియోలు చూసేది ట్రూడీ ఓస్లండ్. ఒకప్పుడు ఎల్డన్ దగ్గరే పని నేర్చుకుంది. కొత్తగా వచ్చినవాళ్ళని ఆటపట్టించడం ఆ క్యాంపుల్లో అందరూ చేసేదే. లేని పనిముట్టు తెమ్మంటారు, వాడు గుడారం గుడారం తిరిగి అడుక్కొస్తాడు, కాసేపు నవ్వుకుంటారు, వాడికో కాఫీ పోస్తారు. ఎల్డన్ అక్కడితో ఆగే రకం కాదు. ట్రూడీ వచ్చిన మొదటి వారంలోనే రెండు డబ్బాలు చేతికిచ్చి, "కొండమీద టవర్ నించి ఫ్రీక్వెన్సీ కారిపోతోంది, పట్టుకురా" అన్నాడు. ఆమె కొత్త బూట్లతో కొండెక్కింది. పైన కాపలావాడు ఈయన మనిషే. డబ్బాల నిండా నీళ్ళు పోసి, "తొణికిందో, క్యాంపంతా మూగబోతుంది" అని పంపాడు. చుక్క తొణక్కుండా దిగివచ్చింది. క్యాంపంతా రెండు వరసల్లో నిలబడి చప్పట్లు కొట్టింది. ఎల్డన్ డబ్బాలో వేలు ముంచి, నాకి చూసి, నేలమీద పారబోసి, "పాడైపోయింది. మళ్ళీ వెళ్ళు" అన్నాడు. ఆ పిల్ల ఖాళీ డబ్బాలు అందుకుని నిజంగానే వెనక్కి తిరిగింది. అప్పుడు పకపకా నవ్వారు. సాయంత్రం బూట్లు విప్పితే మేజోళ్ళలో రెండు కాలిగోళ్ళు ఊడి వచ్చాయి.

ఆ కథ ఎల్డన్ ప్రతి ఎండాకాలం చెప్పాడు. చెప్పినప్పుడల్లా కొండ ఎత్తు పెరిగేది.

వెర్నా ఫోన్ పెట్టేసిన కాసేపటికి ట్రూడీ ఫోన్ వచ్చింది. డుయేన్ ఎత్తి, పేరు విని, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని, అందరికీ వినపడేలా స్పీకరు నొక్కాడు. చుట్టుపక్కల గుడారాల వాళ్ళు కాఫీ కప్పులతో చేరారు.

"ప్రూయిట్ గారూ, నేను టిన్‌కప్ నించి ట్రూడీ ఓస్లండ్‌ని."

"ఎవరూ, డబ్బాల ట్రూడీయా! కాళ్ళెలా ఉన్నాయమ్మాయ్?"

"మా మంట మీదికి ఏడు విమానాలు వస్తున్నాయి. వాటికి ఛానెల్ లేదు. రాజధానిలో అన్నీ అయిపోయాయట. మీ దగ్గర రెండున్నాయి, ఒకటి అడుగు అన్నారు."

"నా మంట సంగతో?"

"చల్లారిందట కదండీ. మీ హెలికాప్టరు ఇవాళ ఏం పోస్తోంది?"

"సాండ్‌విచ్‌లు," అన్నాడు ఎవడో వెనకనించి. గుడారం గొల్లుమంది.

ఎల్డన్‌కి ఆ నవ్వు నచ్చలేదు. తన గుడారంలో తను వెయ్యని జోకు అది. పొగాకు ముద్ద బుగ్గ మార్చాడు.

"ఇస్తానమ్మాయ్, ఎందుకివ్వను? కాకపోతే ఒక్క చిన్న పని. ఇక్కడ కుర్రాళ్ళు కొత్తవాళ్ళు, డబ్బాల కథ వినలేదు. నేను చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. నువ్వు చెప్పు. నడిచింది నువ్వు కదా."

"ప్రూయిట్ గారూ, విమానాలు రన్‌వే మీద మందు నింపుకుని కూర్చున్నాయి."

"కూర్చోనీ. పైలట్లకి గంటకింతని జీతం. మొదలుపెట్టు."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినవాడి కథ విన్నాం. ఈయన నిప్పుతో తృప్తిపడలేదు, పాట కూడా పాడమన్నాడు. ట్రూడీ చెప్పింది. వాతావరణ వార్తలు చదివినట్టు, ఒకే గొంతుతో చెప్పింది. డబ్బాలు, కొండ, నీళ్ళు, చప్పట్లు. "మళ్ళీ వెళ్ళు అన్నారు. నేను తిరిగాను," అని ఆపింది. ఒకరిద్దరు నవ్వారు. మిగతావాళ్ళు కప్పుల్లోకి చూసుకున్నారు.

"గోళ్ళ సంగతి వదిలేశావు," అన్నాడు ఎల్డన్.

"రెండు గోళ్ళు ఊడాయి," అంది ట్రూడీ. "ఛానెల్ చెప్పండి."

ఎల్డన్ మైల ఛానెల్ నంబరు చెప్పాడు.

పగబట్టి కాదు. ఆయన లెక్క ఆయనకుంది. ట్రూడీ ముందు ఎవరినో ఒకరిని పైకి పంపి ఛానెల్ వినిపిస్తుంది కదా. పైకెళ్ళినవాడి చెవుల్లో నెవాడా పోసినట్టు పడుతుంది. అప్పుడు మళ్ళీ ఫోన్ చేస్తుంది, మళ్ళీ బతిమాలుతుంది, అప్పుడు మంచిదిద్దాం. అదే కొండ రెండుసార్లు ఎక్కించినట్టు. వచ్చే ఏటికి కొత్త కథ.

"శుభ్రమైనదేనా?" అంది ట్రూడీ.

"పొద్దుట్నించీ నేనే వింటున్నా. ఈగ వాలలేదు."

అది అబద్ధం కాదు. ఆయన విన్నది కిందనించి.

ట్రూడీ కూడా తన గుడారంలో విన్నది. ఏమీ వినపడలేదు. పైకి పంపి వినిపించడానికి ఆమెకి వ్యవధి లేదు. కథ చెప్పడంలోనే అది కాస్తా అయిపోయింది. మంట అప్పటికే గుట్ట దిగుతోంది. రన్‌వే మీద పైలట్లందరినీ నిలబెట్టి, నంబరు చెప్పి, ఒక్కొక్కడి చేతా తిరిగి చెప్పించి, విమానాల్ని లేపింది.

పైన ఎత్తున గుండ్రంగా తిరుగుతూ మిగతా విమానాల్ని నడిపించేవాడు హాస్కెల్. ఎవరు ఎప్పుడు దిగాలో, ఎవరు ఆగాలో అతని మాటే మాట. అతని కింద ఒక చిన్న విమానం ముందు దూరి దారి చూపుతుంది. దాని వెనకే మందు విమానం పొగలోకి దిగి పోసి లేస్తుంది. హాస్కెల్ నోరు విప్పగానే నెవాడా వాళ్ళ మాట వచ్చి పడింది. అక్కడా ఎవడో ఎవణ్ణో దిగమంటున్నాడు. దిగమన్నది ఏ మంట మీదికో విన్నవాడికి తెలియదు. హాస్కెల్ ఈ పనిలో తల పండినవాడు. అన్నిటినీ ఆపేసి, "ఒక్కొక్కరే. ఒకడు లోపలికెళ్ళి బయటికొచ్చేదాకా రెండోవాడు కదలొద్దు" అన్నాడు. ఏడు విమానాలు గొలుసుకట్టుగా పొయ్యాల్సిన మందు, పెళ్ళి భోజనాల దగ్గర ఒకే గరిటె ఉన్నట్టు, చుక్కచుక్కగా పడసాగింది.

విమానాలు ఎత్తున ఉంటాయి గనక హాస్కెల్ మాటలు రోడియో మైదానానికీ వినపడ్డాయి. ఎల్డన్ తొడ చరుచుకున్నాడు. "ఇదిగో, ఇప్పుడు ఫోన్ మోగుతుంది చూడండి." కుర్చీ ఫోన్ పక్కకి లాక్కున్నాడు.

ఫోన్ మోగలేదు.

మధ్యాహ్నం దాటాక గాలి తిరిగింది. గుడారం గుడ్డ ఇటునించి అటు ఉబ్బింది. డుయేన్ ముందు చూశాడు, తర్వాత ఎల్డన్ చూశాడు. అప్పుడే రేడియోలో హాస్కెల్ గొంతు: "మంట కొండ దాటింది. డ్రై ఫోర్క్‌లోకి దిగుతోంది. కింద ఒక ఇల్లుంది. రేకుల కప్పు, ముందు చెరువు, వెనక దొడ్డి. దొడ్లో పశువులు కట్టేసి ఉన్నాయి."

ఎల్డన్ ఇంటికి ఫోన్ చేశాడు. లైను చచ్చిపోయింది. టిన్‌కప్‌కి చేశాడు.

"ట్రూడీ, నేను. విను. నా దగ్గర ఇంకోటుంది. మంచిది. ఇప్పుడే తీసుకో, హాస్కెల్ని అందులోకి మార్చు. అన్నిటినీ ఒకేసారి దింపొచ్చు."

"ఒక్క నిమిషం ప్రూయిట్ గారూ, స్పీకరు పెడతాను. మా వాళ్ళు కూడా వినాలి." టక్కుమని చప్పుడైంది. "ఇప్పుడు చెప్పండి. నాకిచ్చింది ఏ ఛానెల్?"

"అది... నెవాడా వాళ్ళది కూడా."

"మీకు తెలిసే ఇచ్చారా?"

గుడారంలో కాఫీ కప్పులన్నీ ఆగిపోయాయి.

"తెలిసే."

"ఎందుకు?"

"సరదాకి. నువ్వు మళ్ళీ ఫోన్ చేస్తావనుకున్నా. నవ్వుకుందామని. ట్రూడీ, అది నా ఇల్లు. వెర్నా ఉంది అందులో. నేనే ఉండమన్నా. గాడిదల్ని కూడా నేనే కట్టెయ్యమన్నా."

"కొంచెం గట్టిగా చెప్పండి, వెనక వాళ్ళకి వినపడలేదట."

ఎల్డన్ మళ్ళీ గట్టిగా చెప్పాడు. మొదటిసారి మింగిన ముక్కలు కూడా ఈసారి చెప్పాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన ఒక కథని పెంచకుండా చెప్పడం అదే మొదలు.

"చెప్పినందుకు థాంక్స్," అంది ట్రూడీ. "మార్చను."

"ఏమిటీ?"

"గాల్లో ఉన్నప్పుడు ఛానెల్ మార్చకూడదు. మొహాలు చూస్తూ నేలమీద మార్చాలి, ప్రతివాడి చేతా తిరిగి చెప్పించాలి. ఒక్కడు వినకపోతే వాడు చెవిటివాడై పొగలో తిరుగుతాడు. ఏడు విమానాలున్నాయి. ఈ రూలు నాకు నేర్పింది మీరే. ఇంధనానికి అందరూ దిగుతారు, అప్పుడు మారుస్తా. మీ ఇంటికి మనుషుల్ని ట్రక్కులో పంపాను. రోడ్డు మీద చెట్లు పడుతున్నాయట, చూడాలి."

"అప్పటిదాకా ఇల్లుంటుందా?"

"ఉండదు," అని ఫోన్ పెట్టేసింది.

ఆ మాట రూలు కోసం అందా, గోళ్ళ కోసం అందా అని ఆ జిల్లాలో ఇప్పటికీ వాదులాడుకుంటారు. కానీ ఆమె చెప్పినదాంట్లో తప్పు పట్టుకోలేరు. హాస్కెల్ అప్పటికీ ఆగలేదు. ఒక్కొక్కటిగానైనా ముందు ఆ ఇంటి చుట్టూనే పోయించమని వరస మార్చాడు. "మొదటివాడు దిగుతున్నాడు. వెనకవాడు సిద్ధంగా ఉండు," అనడం ఎల్డన్ కూడా విన్నాడు. ఊరుకుని కూర్చుంటే ఏమయ్యేదో మరి.

ఊరుకోలేదు. కొరివితో తల గోక్కునే వేళ వచ్చింది ఆయనకి. మైకు లాక్కున్నాడు. డుయేన్ "బాస్, వద్దు, మన మంట కాదది" అంటూ చెయ్యి పట్టుకున్నాడు. విదిలించి, టిన్‌కప్ ఛానెల్లో అరిచాడు: "టిన్‌కప్ విమానాలందరికీ! ఛానెల్ మార్చండి!" అని మంచి ఛానెల్ నంబరు చెప్పాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. గొంతు పెద్దది. హోదా ఉన్నవాడి గొంతులా ఉంటుంది.

ఎత్తున ఉన్నవాళ్ళు విన్నారు. ఆజ్ఞ అనుకుని కొందరు మార్చారు. దిగుతున్న మందు విమానం కూడా పొగ అంచున ఉండగానే మార్చింది. దాని ముందు దారి చూపే చిన్న విమానం మాత్రం లోయలో, కొండ చాటున ఉంది. అది వినలేదు. దారిలో కరెంటు తీగలు కనపడి చిన్న విమానం పక్కకి తిరుగుతూ, "పైకి లాగు, పైకి లాగు" అని అరిచింది. ఆ అరుపు వినాల్సిన పైలట్ అప్పటికి ఆ ఛానెల్లో లేడు. మందు విమానం పొట్ట, చిన్న విమానం తోక మీద నీడ పడేంత దగ్గరగా దాటిపోయింది. ఇద్దరూ ఎలా బతికారో వాళ్ళకే తెలియదు.

హాస్కెల్ గొంతు రెండు ఛానెళ్ళలోనూ ఒకేసారి వచ్చింది. ఈసారి ఒక్క నెవాడా మాట కూడా అడ్డం పడలేదు.

"అందరూ పైకి లేవండి. ఎవడు ఏ ఛానెల్లో ఉన్నాడో నాకు తెలియడం లేదు. ఈ లోయలోకి ఇంక ఎవడూ దిగొద్దు. మందు తీసుకుని ఇంటికి పొండి." ఆ వెంటనే, "ఆ మాట్లాడినవాడెవడో నాకు తెలుసు. వాణ్ణి మైకు ముందునించి లేపండి" అన్నాడు.

డుయేన్ వచ్చి ఎల్డన్ చేతిలోంచి మైకు తీసుకున్నాడు. ఎల్డన్ ఇచ్చేశాడు. విమానాల చప్పుడు ఒకటొకటిగా రోడియో మైదానం మీదుగా రన్‌వే వైపు పోయింది. మందు నిండుగా ఉన్నవి, బరువుగా పోయాయి. క్యాంపులో వాళ్ళు తలెత్తి చూశారు. ఎల్డన్ మొహం వైపు మాత్రం ఎవరూ చూడలేదు. ఒక్కడు ఉండబట్టలేక, "తివాచీలు తిరిగిపోతున్నాయి" అన్నాడు. వాడు పొద్దున కాఫీతో వచ్చినవాడే. ఎల్డన్ పెంచిన కుర్రాళ్ళలో అందరికన్నా బాగా నేర్చుకున్నవాడు.

లోయలోకి రోడ్డు తెరిచేసరికి పొద్దు వాలింది. ఎల్డన్ తన ట్రక్కు తోలుకుని వెళ్ళాడు. ఇల్లు లేదు. పొగ గొట్టం నిలబడి ఉంది. రేకులు ముడుచుకుని, ఎవరో నమిలి ఊసినట్టు పడున్నాయి. చెరువు గట్టు మీద వెర్నా కూర్చుని ఉంది, నెత్తినించి కాళ్ళదాకా బురద. మంట మీదినించి పోయేదాకా చెరువులో మెడవరకూ మునిగి, తడి గోనెపట్టా కప్పుకుని ఉందట. అరచేతులు రెండూ ఉబ్బి ఉన్నాయి. దొడ్డి తలుపు గొళ్ళెం తీయబోయి కాల్చుకున్నవి. గాడిదల తాళ్ళ ముడులు విప్పే వ్యవధి దొరకలేదు. కట్టు గట్టిగా వేసింది మరి, మొగుడు చెప్పినట్టే.

పక్క లోయ హార్గిస్ తన లారీ వేసుకుని అందరికన్నా ముందొచ్చాడు. ఎల్డన్‌ని చూసి టోపీ కొంచెం ఎత్తాడు. ఏమీ అనలేదు. అనుంటే ఎల్డన్‌కి కాస్త తేలిగ్గా ఉండేది.

"వెర్నా," అన్నాడు ఎల్డన్.

ఆమె ఒళ్ళో, ఇంట్లోంచి పట్టుకొచ్చిన ఆయన తుపాకీ ఉంది. లేచి, రెండు మోచేతుల మీదా ఎత్తి అందించింది.

"తొమ్మిది గాడిదల బాధ నేనే తీర్చాను. ఈ చేతులతో తుపాకీ పట్టలేక హార్గిస్‌ని పట్టుకోమని మీట నేనే నొక్కా. గుళ్ళు అయిపోయాయి. నీ ట్రక్కులో ఉంటాయి కదా, తెచ్చుకో. దొడ్లో ఇంకా రెండున్నాయి."

ఎల్డన్ ట్రక్కు దగ్గరికి నడిచి, సీటు కిందనించి గుళ్ళ పెట్టె తీశాడు. దొడ్లోకి వెళ్ళాడు. మొదటిది పడుకునే ఉంది, దానికి ఏమీ తెలిసే స్థితి లేదు. దాని పని త్వరగానే అయింది.

రెండోది గోడవార నిలబడి ఉంది. తాడు కాలి తెగిపోయినా కట్టేసిన చోటునించి కదల్లేదు. వీపు మీద చర్మం లేదు. కళ్ళు పోయాయి. ఎల్డన్ దగ్గరికి పోయి, అలవాటుగా, మేత వేళ పలకరించినట్టు, "ఏరా, ఏరా" అన్నాడు.

దాని రెండు చెవులూ ఆయన వైపు తిరిగాయి. మూతి ముందుకు చాచి, అడుగులో అడుగు వేసుకుంటూ ఆ గొంతు దగ్గరికి రాసాగింది.

"దానితో మాట్లాడకు," అంది వెర్నా, హార్గిస్ లారీ మెట్టు మీద కాలుపెట్టి. "ఏం చెప్పినా నమ్ముతుంది."

ఎల్డన్ నోరు మూసుకున్నాడు. తుపాకీ ఎత్తాడు. గొంతు వినపడకపోయేసరికి అది ఆగిపోయి, ఎటు రావాలో తెలియక, చెవులు అటూ ఇటూ తిప్పుతూ ఆయన కోసం వెతుక్కుంది.